పెద్దమ్మ ఇల్లు: ఏట్లో లంక, నాలుగడుగుల బేస్‌మట్టం

జనవరి 19, 2025

సంక్రాంతికి వచ్చినవాణ్ణి ఇంకా మా గోదావరి లంకలోనే ఉన్నాను. సెలవు పొడిగించాను. పెద్దమ్మ ఇల్లు 2022 జులై వరదలో పడిపోయింది, అప్పటినుంచీ ఆవిడ మిగిలిన వంటగదిలో, దాని ముందు రేకుల పందిరి వేసుకుని కాలక్షేపం చేస్తోంది. పరిహారం సంగతి ఎత్తితే అదో పెద్ద కథ, ఇక్కడొద్దు. పదకొండేళ్ళుగా ఎవరెవరికో అపార్టుమెంట్లు కట్టిస్తున్నాను గానీ సొంత పెద్దమ్మ ఇంటికి ఒక్క గీత గీయలేదు, ఆ సిగ్గు కొంత ఉంది. మా లంకలో ఇంకో నాలుగు కుటుంబాలది ఇదే పరిస్థితి, వాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాసి పెడుతున్నాను. తప్పులతో సహా.

ముందు ఇల్లు ఎలా పడిందో చెప్పాలి. మట్టి గోడలు, తాటి దూలాలు, గూన పెంకు. నీళ్ళు చుట్టుముట్టినన్ని రోజులూ నిలబడింది. అందరూ ఏటిగట్టు మీదనుంచి చూసి పర్లేదు ఉంది అనుకున్నారు. నీళ్ళు తీసిన మర్నాడు మధ్యాహ్నం కూర్చుండిపోయింది. నీళ్ళు లోపలా బయటా సమానంగా ఉన్నంతసేపు గోడకి రెండు వైపులా ఆసరా ఉంటుంది, ఈలోగా అడుగున మట్టి నాని జావ అవుతుంది. నీళ్ళు పోగానే పైన పెంకుల బరువంతా ఆ జావ మీద. అందుకే మా దగ్గర పాత ఇళ్ళు చాలా వరకు వరదలో కాదు, వరద తీశాక పడతాయి. మనుషులు తిరిగొచ్చి చీపురు పట్టుకున్నాక పడతాయి, అదీ భయం.

జనవరి 23

ఇవాళంతా లెవెల్ పైపు పని. రామాలయం గోడ మీద రెండు గీతలున్నాయి, ఒకటి 1986 ఆగస్టుది, తారుతో గీసింది. రెండోది 2022ది, ఎవరో కుర్రాళ్ళు ఆకుపచ్చ పెయింటుతో గీశారు. ఆ ఎత్తుల్ని పెద్దమ్మ స్థలం దాకా తీసుకురావాలి. నా ఫోన్లో ఉన్న యాప్ చూపిస్తే మా మేస్త్రి నవ్వి, సంచిలోంచి పారదర్శకం పైపు తీశాడు. నీళ్ళు నింపి, బుడగలు పోయేదాకా వేలితో కొడుతూ, ఒక కొస గుడి గోడకి, రెండో కొస కొబ్బరి చెట్టుకి. చెట్టు మీద సుద్దతో గీత, అక్కణ్ణించి ఇంకో చెట్టు. పద్నాలుగు చెట్లు దాటి వచ్చాం. తిరుగు ప్రయాణంలో మళ్ళీ కొలిస్తే పావంగుళం తేడా. యాప్ సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

పెద్దమ్మ వాకిట్లో లెక్క ఇదీ: 2022 గీత నేలనుంచి అయిదడుగుల రెండంగుళాలు. 1986 గీత ఏడడుగుల ఒక అంగుళం.

ధవళేశ్వరం దగ్గర 1986లో 35 లక్షల క్యూసెక్కులు, 2022లో 25.8 లక్షలు. భద్రాచలంలో 75.6 అడుగులు, 71.3 అడుగులు. టీవీలో ఈ అంకెలు చూస్తే అంకెల్లాగే ఉంటాయి, ఇక్కడ చెట్టు మీద సుద్ద గీత నా తలపైన పడేసరికి వేరేగా ఉంది. లంకలంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క: గోదావరి పాయల మధ్య ఒండ్రు, ఇసక మేట వేసిన నేల ఇది, ఏటిగట్టుకి ఏటి వైపున ఉంటుంది. గట్టు ఊళ్ళని కాపాడుతుంది, లంకల్ని కాదు. గట్టు ఎంత గట్టిదైతే ఏరు అంత మా మధ్యలోంచే పోవాలి. అలాగని గట్టు వద్దనడం లేదు, ఇళ్ళ లెక్క వేరని చెప్తున్నాను.

జనవరి 30

వారం రోజులుగా ఒకటే గొడవ, బేస్‌మట్టం, అంటే నేలనుంచి ఇంటి గచ్చు దాకా అరుగు, ఎంత లేపాలి. నేను ఇంజినీరు లెక్కలో ఎనిమిదడుగులన్నాను, 1986 గీత దాటాలి కదా. పెద్దమ్మకి డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళు అరిగాయి.

"అన్ని మెట్లెక్కి రోజూ అన్నవరం వెళ్ళొచ్చినట్టుంటుందిరా. వరద ఎన్నేళ్ళకోసారి వస్తుంది? నేను పేడ తీయడానికి రోజుకి ఇరవైసార్లు దిగాలి."

దీనికి నా దగ్గర జవాబు లేదు. పుస్తకాల్లో వరద ఎత్తు ఉంటుంది, పేడ తట్ట ఉండదు.

చివరికి నాలుగడుగులు ఖాయం చేశాం. అంటే 2022 లాంటిది వస్తే ఇంట్లోకి అడుగు పైన రెండంగుళాల నీళ్ళు వస్తాయి. తెలిసే ఒప్పుకున్నాం. ఇల్లు మునగకూడదు అనే షరతు తీసేసి, మునిగినా పడకూడదు, నీళ్ళు తీశాక కడుక్కుని ఉండగలగాలి అని మార్చుకున్నాం. చిన్న వరదలు గుమ్మం కిందే ఆగుతాయి, పెద్దదానికి పైన స్లాబు మీదికి మెట్లు. మెట్టు ఆరంగుళాలే, మొత్తం ఎనిమిది, నాలుగో మెట్టు దగ్గర కూర్చోవడానికి వీలుగా వెడల్పు.

తలుపులు బిగించి నీళ్ళు ఆపేద్దాం, గుమ్మానికి ప్లేట్లు పెడదాం అని మా తమ్ముడు ఏదో వీడియో పంపాడు. కుదరదు. 1986 ఎత్తున వచ్చి గోడకి బయట మూడడుగుల నీళ్ళు, లోపల ఖాళీ ఉంటే, గోడ అడుగున చదరపు మీటరుకి దాదాపు టన్ను తోపు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ దానికి కట్టింది కాదు. కాబట్టి ఎదురెదురు గోడల్లో కింద తూములు వదిలి, నీళ్ళని దర్జాగా రానిచ్చి దర్జాగా పోనివ్వడమే.

ఫిబ్రవరి 11

నా తెలివి బెడిసికొట్టిన రోజు. రూర్కీ సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్ళ అండర్ రీమ్‌డ్ పైల్స్ అంటే నాకు కాలేజీ రోజుల నుంచి మోజు. సన్నటి గుంత తవ్వి, అడుగున గంటలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. వరద కోతకి అందనంత లోతుకి పోవచ్చు కదా అని చేత్తో తిప్పి గుంత తొలిచే ఆగర్ తెప్పించాను. పైన రెండడుగులు ఒండ్రు, చక్కగా తెగింది. తర్వాత సన్న ఇసక. తొమ్మిదడుగుల దగ్గర నీళ్ళు తగిలాయి, ఆగర్ పైకి తీయగానే గుంత "బుస్స్" మని పూడిపోయింది. మళ్ళీ తవ్వాం, మళ్ళీ అదే. మూడోసారి మేస్త్రి తువ్వాలు దులుపుకుని, "బాబుగారండీ, ఇది ఏరు ఆరేసుకున్న చీరండీ, దీనికి గుంత నిలబడదండీ" అన్నాడు.

ఆ పద్ధతి పుట్టింది నల్లరేగడికి. ఎండాకాలం కుంచించుకుపోయి వానకి ఉబ్బే నేలకి అది బంగారం. నీళ్ళలో ఉన్న వదులు ఇసకకి గుంత గోడలు నిలబెట్టే బెంటోనైట్ బురద కావాలి, కేసింగ్ గొట్టం కావాలి, అవన్నీ లంకకి తెచ్చేసరికి ఇంటి ఖర్చు దాటిపోతుంది. మోజు వదిలించుకున్నాను. ఎనిమిది ఫుటింగులు (పునాది పాదాలు), అయిదున్నర అడుగుల లోతు, అన్నింటినీ నేలమట్టంలో ఒక బీము, బేస్‌మట్టం దగ్గర ఇంకో బీము కలిపి కట్టేట్టు. ఒక మూల కింద ఇసక కోసుకుపోయినా మిగతావి దాన్ని మోసేలా. ఇల్లు లంక నడిమధ్యలో ఉంది, అక్కడ వరద నిదానంగా పారుతుంది కాబట్టి ఈ లోతు సరిపెట్టాను, ఏటి అంచున ఉన్న ఇంటికి ఇదే బొమ్మ వాడకండి. అక్కడ నేలే ఉండదు, ఏటా కోసుకుపోతూనే ఉంది.

మార్చి 16

పాయలో ఇసక బాట ఇప్పుడు గట్టిగా ఉంది, ట్రాక్టరు నేరుగా వస్తోంది. ఈ బాట మా అందరికీ క్యాలెండరు. ఏరు పెరిగితే కొట్టుకుపోతుంది, తర్వాత ప్రతి సిమెంటు బస్తా పడవ మీదే, ఒకడు రేవులో దింపాలి, ఒకడు మోయాలి. అందుకని కంకర, ఇనుము, ఇటుక మొత్తం ముందే దింపించేశాను. డబ్బు ఒక్కసారే పోయింది, టెన్షన్ పడ్డాను, కానీ తప్పదు.

బేస్‌మట్టంలో ఫిల్లింగుకి ఒండ్రు కాదు, ఇసక. ఒండ్రు నానితే కుంగుతుంది. తొమ్మిదంగుళాలకో పొర, నీళ్ళు పెట్టి దిమ్మిస. చుట్టూ గోడలో ఆరడుగులకొకటి చొప్పున రెండంగుళాల పైపులు పెట్టించాను, వరద తీసినప్పుడు లోపల నానిన ఇసకలో నీళ్ళు బయటికి రావడానికి. బయట నీళ్ళు చప్పున తీసేసి లోపలివి అలాగే ఉండిపోతే ఆ బరువుకి గోడ బయటికి పొట్ట వేస్తుంది. పైపుల గురించి చాలా గొప్పగా ఫీలయ్యాను. (తర్వాత చూడండి.)

ఏప్రిల్ 27

గోడలు లేచాయి. తలుపులు, కిటికీల పైన వచ్చే లింటల్ బీము ఇంటి చుట్టూ తిప్పాం, కిటికీల మీద ముక్కలు ముక్కలుగా వేసి ఆపలేదు. మేస్త్రి దాన్ని ఇంటికి మొలతాడు అంటాడు. నిజానికి అంతే.

పైన ఏ కప్పు అన్నదాని మీద మళ్ళీ ఒక రాత్రి చర్చ. గాలికి మంచిది నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు, తుపాను ఇళ్ళకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 15498లో కూడా దానికే మొగ్గు. కానీ వరద రాత్రి మనిషి ఎక్కి కూర్చునేది వాలు కప్పు మీద కాదు, డాబా మీద. మాకు రెండు శత్రువులు, ఒకడు కిందనుంచి, ఒకడు పైనుంచి. రెండు గదులకీ వంటింటికీ స్లాబు, ముందు వసారాకి మాత్రం రేకులు, విడిగా పైపు స్తంభాల మీద. వసారా చట్రాన్ని ఇంటి స్లాబుకి కట్టలేదు, కావాలనే. 1996 నవంబరు 6 తుపాను రాత్రి నేను చిన్నవాణ్ణి, అమ్మమ్మగారింట్లో ఉన్నాను. చూరు దగ్గర పట్టుకుంది గాలి, వసారా లేచింది, దాంతోపాటే ఇంటి వాసాలు కూడా, ఎందుకంటే రెండూ ఒకే వాసాలు. తెల్లారి చూస్తే తోటలో కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి దువ్వినట్టు పడున్నాయి. కోనసీమలో ఆ రాత్రి పోయిన ప్రాణాలు తల్చుకుంటే మా పెంకులు ఒక లెక్కా.

తీరప్రాంతం గాలికి మేము పట్టుకున్న అంకె సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మేస్త్రికి ఒక్కటే పదేపదే చెప్పాను, గాలి తోస్తుందని అనుకోకు, పీకుతుందనుకో. రేకు మీదుగా పోయే గాలి దాన్ని పైకి లాగుతుంది, అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ. అందుకని చుట్టూ అంచుల్లో ప్రతి మడతకీ బోల్టు, మధ్యలో మడత విడిచి మడత.

స్లాబు రాడ్ల కింద కంకర రాళ్ళు పెడుతుంటే ఆపించి కవర్ బ్లాకులు (రాడ్లని అంచునుంచి ఎడంగా పట్టే సిమెంటు దిమ్మలు) పోయించాను. అంతర్వేది వైపు మా బావమరిది ఇంట్లో స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు రాడ్లు పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి, ఉప్పు గాలి. మాది అంత సముద్రం పక్కన కాదు గానీ, అరంగుళం కాంక్రీటుకి కక్కుర్తి పడటం దేనికి.

స్లాబు రోజు వచ్చినవాళ్ళందరికీ పెద్దమ్మే వండింది. మామిడికాయ పప్పు, కోడికూర. ఆ రోజు ఎవరూ ఏ లెక్కా మాట్లాడలేదు.

మే 30

చిల్లర పనులే ఎక్కువ టైమ్ తింటున్నాయి.

కరెంటు రెండు లైన్లుగా విడగొట్టాం. కింది ప్లగ్గులది ఒకటి, పైన ఫ్యాన్లు లైట్లది ఒకటి, మీటరు ఆరడుగుల పైన. అన్ని స్విచ్చులూ పైకి పెడదామంటే పెద్దమ్మకి అందవు, స్టూలెక్కి పడితే వరద కంటే ముందే ప్రమాదం.

తలుపులు పాత ఇంటివే, వేప చెక్క, వరద నుంచి తీసినవి. పక్కింట్లో కొత్త ఫ్లష్ డోర్లు (ప్లైవుడ్ తలుపులు) 2022లో రొట్టెల్లా ఉబ్బాయి. ఇవి కడిగి ఎండబెట్టి నూనె రాస్తే చాలు, గుమ్మాల కొలత వీటికే సరిపెట్టాం.

మరుగుదొడ్డి కూడా నాలుగడుగుల మీదే. సెప్టిక్ ట్యాంకు మూత, గాలి గొట్టం 2022 గీతకి పైన. ఒక జాగ్రత్త: వరదొచ్చే ముందు ట్యాంకు ఖాళీగా ఉంటే నీళ్ళతో నింపెయ్యాలి. ఖాళీ ట్యాంకు చుట్టూ నేల నానితే అది పడవలా పైకి లేస్తుంది, పైపులన్నీ విరిగిపోతాయి. కొత్తది కదా అని ముద్దుగా ఖాళీగా ఉంచకూడదు.

గేదెలకి దిబ్బ. ఇదే పెద్దమ్మ అసలు షరతు, ఇల్లు తర్వాత. పెరట్లో వెనక అయిదున్నర అడుగుల ఎత్తు మట్టి దిబ్బ, ఒక వైపు ఏటవాలు దారి, మిగతా మూడు వైపులా వట్టివేరు నాటాం. రెండు గేదెలూ ఒక దూడా పడతాయి. 2022లో గేదెని ఏటిగట్టుకి తోలుకెళ్ళడానికి చీకట్లో మెడలోతు నీళ్ళలో నడిచింది ఈవిడ. ఇల్లు ఖాళీ చెయ్యమంటే కదలని లంకల మనుషుల్ని మొండివాళ్ళంటారు గానీ, వాళ్ళు కదలనిది చాలాసార్లు ఇంటికోసం కాదు, గొడ్డుకోసం.

ఆషాఢం వచ్చేలోపు పాలు పొంగించాలి. తాపీ వాళ్ళు రాత్రి కూడా లైటు పెట్టుకుని ఫ్లోరింగ్ చేస్తున్నారు.

ఆగస్టు 24

నేను ఊళ్ళో లేను. ఫోన్లోనే అంతా. కాజ్‌వే మునిగింది, బాట ఎప్పుడో పోయింది, పడవలు తిరుగుతున్నాయి. వాకిట్లోకి అడుగున్నర నీళ్ళు. మెట్లలో మూడో మెట్టు తడిసింది, ఇల్లు పొడిగా ఉంది. పెద్దమ్మ వీడియో కాల్‌లో నాలుగో మెట్టు మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి నీళ్ళు చూపించింది. దిబ్బ మీద గేదెలు నెమరు వేస్తున్నాయి. నేను ఆఫీసులో పక్క సీటువాడికి కూడా చూపించాను, వాడికేం అర్థం కాలేదు.

సెప్టెంబరు 7

గొప్పలు ఆపి అసలు విషయం రాయాలి. ఈశాన్యం మూల గదిలో నడుస్తుంటే నేల డొల్లగా మోగుతోందని పెద్దమ్మ చెప్పింది. వెళ్ళి కొబ్బరి మట్టతో కొట్టి చూశాను, నిజమే, కుండ మీద కొట్టినట్టు. బయట చూస్తే బేస్‌మట్టం పైపుల కింద తెల్లగా సన్న ఇసక చిన్న చిన్న పుట్టల్లా పోసుంది. పైపులు నీళ్ళు బాగానే వదిలాయి. వాటితోపాటు ఇసక కూడా వదిలాయి. పైపు వెనక కంకర, వల కట్టాలి, ఆ సంగతి నా బొమ్మలో ఉంది కూడా, కానీ ఆ రోజు నేను సైటులో లేను, మేస్త్రి మనుషులు పైపు గుచ్చి ఇసక పోసేశారు, వచ్చాక నేను చూడలేదు. తప్పు నాదే, దాచిపెట్టేసే పనిని దాచకముందు చూడాలి, పదకొండేళ్ళుగా వేరేవాళ్ళకి చెప్తున్న మాటే.

అడుగున్నర నీళ్ళు రెండు రోజులుంటేనే ఇంత. అయిదడుగులు వారం రోజులుండి ఉంటే ఆ మూల ఫ్లోరింగ్ మొత్తం దిగిపోయేది. బీములు ఉన్నాయి కాబట్టి గోడకి ఏమీ కాదు, కానీ నేల పోతుంది.

రిపేరు ఇలా చేశాం: ఆ మూల నాలుగు బండలు లేపాం, చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. బయటనుంచి ఒక్కో పైపూ పీకి, లోపలి కొసకి రొయ్యల చెరువులకి వాడే నైలాన్ వల రెండు పొరలు చుట్టి, చుట్టూ చిన్న కంకర బుట్టెడు కూరి, మళ్ళీ పెట్టాం. ఖాళీలో తడి ఇసక పోసి దిమ్మిస. మొత్తం పదకొండు పైపులు, మూడు రోజులు. వల తాడేపల్లిగూడెం నుంచి తెప్పిద్దామనుకున్నాను, మా లంకలోనే ఒకాయన అటక మీద పాత చుట్ట పడుంది.

అక్టోబరు 30

మొంథా తుపాను 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. పెద్దమ్మని ముందురోజే ఏటిగట్టు అవతల బడిలోకి పంపించాం, స్లాబు ఇల్లు కదా ఉంటానంది, ఒప్పుకోలేదు. 1996 అంత కాదు గానీ, రాత్రంతా అరటి తోటలు పడుకున్నాయి, కొబ్బరి మట్టలు, బొండాలు వాకిలంతా.

ఇల్లు బాగుంది. వసారాలో పడమటి మూల రేకు ఒకటి అంచు లేచి వంగింది, ఊడిపోలేదు. ఎక్కి చూశాను. అంచున ఆరు మడతలకి ఆరు బోల్టులుండాలి, నాలుగే ఉన్నాయి. బోల్టులు అయిపోయాయని మధ్యలో వదిలేశారట, కుర్రాడు తలొంచుకుని చెప్పాడు. సరిగ్గా ఆ రెండు ఖాళీల దగ్గరే రేకు చిరిగి ఉంది, వేలుతో చూపించినట్టు. కుర్రాణ్ణి ఏమీ అనలేదు, వాడినే పైకి ఎక్కించి ఆ చిరుగు చూపించాను. ఫోటో తీసుకున్నాడు.

నవంబరు 9

రేకు మార్చాం, రబ్బరు వాషర్లతో సహా బోల్టులు, లెక్కపెట్టి. పక్క వీధిలో రెండో ఇంటికి లెవెల్ పైపు పట్టుకెళ్ళారు నిన్న, వాళ్ళ వాకిలి మాకంటే ఎనిమిదంగుళాలు పల్లం, కాబట్టి పెద్దమ్మ బొమ్మ అలాగే దింపితే చాలదు, బేస్‌మట్టం లెక్క మళ్ళీ మొదటినుంచి. వాళ్ళింట్లో గేదెలు లేవు, మేకలున్నాయి. దిబ్బ చిన్నది చాలునంటున్నారు.

పెద్దమ్మ కంప్లైంట్ ఒక్కటే. నాలుగో మెట్టు వెడల్పు చాలట్లేదు, సాయంత్రం నలుగురు వచ్చి కూర్చుంటున్నారు, ఒకరు నిలబడాల్సి వస్తోంది. సంక్రాంతిలోపు ఇంకో అడుగు పెంచమంటోంది. ఇటుకలు ఓ యాభై మిగిలాయి, ఇసక ఉంది, సిమెంటు ఒక బస్తా పడవ మీద తేవాలి.